దుకాణంలోనే విండోస్, లినక్స్ వేయించుకుంటున్నారా? మీ డిస్కు తాళంచెవి ఎవరి ఖాతాలో ఉందో ముందు చూసుకోండి

అసెంబుల్డ్ కంప్యూటర్ కొంటూ, విండోస్‌తో పాటు లినక్స్ కూడా దుకాణంవాళ్ల చేతే వేయించుకోవాలని అనుకుంటున్నవారు డబ్బు కట్టకముందే ఇది చదవండి. ఇప్పటికే వేయించుకుని ఇంటికి తెచ్చుకున్నవారు ఇంకా ముందు చదవండి. విండోస్ 11 మీకు తెలియకుండానే మీ డిస్కుకు తాళం వేసి ఉండవచ్చు. ఆ తాళంచెవి దుకాణం ఖాతాలో ఉండిపోయి ఉండవచ్చు. మా ఇంట్లో అదే జరిగింది.

దుకాణం సికింద్రాబాద్‌లోది. పేరు రాయడం లేదు. అమ్మకందారుల్లో ఈ అలవాటు వాళ్లొక్కరిదే కాదని తర్వాత తెలిసింది, పేరు రాస్తే మిగతావాళ్లందరూ మంచివాళ్లని అనుకునే ప్రమాదం ఉంది.

మా ఆవిడ నాలుగైదు చిన్న వ్యాపారాలకు ఇంటి నుంచే లెక్కలు రాస్తుంది. ట్యాలీ ఉండాలి, కాబట్టి విండోస్ తప్పదు. అమ్మాయి బీటెక్‌లో సైబర్ సెక్యూరిటీ చదువుతోంది. ఆమెకు ఉబుంటు అనే లినక్స్ కావాలి, తర్వాతి సెమిస్టరులో కాలీ లినక్స్ కావాలి. రెండు కంప్యూటర్లు కొనే స్తోమత లేక ఒకదానిలోనే మూడూ అన్నాం. దుకాణంవాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. బిల్లులో ‘విండోస్ 11 ప్రో లైఫ్‌టైమ్’ అని, ‘ఉబుంటు, కాలీ లైసెన్సు 1,500 రూపాయలు’ అని, ‘ఇన్‌స్టలేషన్ 1,000’ అని రాశారు. ఉబుంటుకూ కాలీకీ లైసెన్సు రుసుము అంటూ ఏదీ లేదు. వాటి అధికారిక సైట్ల నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. వేసి పెట్టినందుకు కూలి తీసుకోవడంలో తప్పు లేదు, కానీ అదే పనికి కూలి ఒక వరుసలో, లేని లైసెన్సు ఇంకో వరుసలో రాయడం ఏ వ్యాపారధర్మమో వాళ్లే చెప్పాలి. అడిగితే, “అందరూ ఇస్తున్నారు సార్” అన్నారు.

అసలు కథకు ఇది ముందుమాట మాత్రమే.

కంప్యూటర్ ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు డెస్క్‌టాప్ మీద ఎవరిదో పెళ్లి శుభలేఖ కనిపించింది. ఆ పేర్లు మా బంధువుల్లో ఎవరివీ కావు. ఆ తర్వాత ఒక రేషన్ కార్డు ఫోటో వచ్చింది, ఆ వెనకే ఏదో బడి హాజరు పట్టిక. దుకాణానికి ఫోను చేస్తే, “అవి శాంపిల్ ఫైళ్లు సార్, డిలీట్ చేసేయండి” అన్నాడు కుర్రాడు. శాంపిల్ శుభలేఖ ఎక్కడైనా ఉంటుందా? మా అమ్మాయి వాటిని ముట్టుకోనివ్వలేదు. డిలీట్ చేసి ఉంటే ఆ శుభలేఖ అసలు యజమాని కంప్యూటర్‌లోంచి కూడా మాయమయ్యేది.

ఎందుకంటే విండోస్ వేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. అక్కడ కొనుగోలుదారుడి ఖాతా ఇవ్వాలి. దుకాణం కుర్రాడికి అంత ఓపిక లేదు. దుకాణానికి ఒక ఈమెయిల్ ఉంది, దాన్నే వచ్చిన ప్రతి కంప్యూటర్‌లోనూ కొట్టేస్తున్నాడు. ఆ ఖాతాతో మొదలైన విండోస్‌లో, ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు ఆ ఖాతాకే ఎక్కుతాయి. అదే ఖాతా ఉన్న మిగతా కంప్యూటర్లలో దిగుతాయి. అంటే వాళ్ల శుభలేఖ మాకు వచ్చినట్టే, మా ఆవిడ స్కాన్ చేసి పెట్టుకున్న పాన్ కార్డులు ఇంకెవరి డెస్క్‌టాప్ మీదో కనిపించే ఉంటాయి. వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండితే కొత్త ఫైళ్లు ఎక్కడం ఆగిపోతుంది. ఇంతమంది సామాను త్వరగా నింపేస్తుంది కాబట్టి నష్టం అంతటితో ఆగిందని మా ఊరట.

ఇక తాళం సంగతి. 2024 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 24హెచ్2 అనే వెర్షన్ నుంచి ఒక మార్పు ఉంది. కొత్తగా విండోస్ వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే, తగిన హార్డ్‌వేర్ ఉన్న కంప్యూటర్లలో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారుతుంది. హోమ్ ఎడిషన్‌లోనూ అంతే. దొంగ ఎత్తుకుపోయినా లోపలి సమాచారం చదవలేడు, ఆ మేరకు మంచిదే. తెరవడానికి 48 అంకెల రికవరీ కీ ఒకటి పుడుతుంది, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. అది వెళ్లి చేరేది ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకే. మా విషయంలో దుకాణం ఖాతాలోకి. రోజూ కంప్యూటర్ మామూలుగానే లేస్తుంది కాబట్టి తాళం ఉన్నట్టే తెలియదు. మదర్‌బోర్డులోని టీపీఎం అనే భద్రతా భాగం, కంప్యూటర్ నిన్నటి అమరికతోనే లేచిందో లేదో చూసుకుని తలుపు తీస్తుంది. అమరిక మారితే తీయదు, 48 అంకెలు అడుగుతుంది.

అమ్మాయికి కాలీ అవసరం పడే రోజు రానే వచ్చింది. మొదట వేస్తామన్న కాలీ వేయనే లేదు, “తర్వాత తీసుకురండి, వేసిస్తాం” అన్నారు. తీసుకెళ్లాం. గుర్తింపు ఉన్న సిస్టమ్‌లనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ అనే భద్రతా అమరిక ఆన్‌లో ఉంటే కాలీ లేవదు, దాన్ని ఆపేయమని కాలీ సొంత పత్రాలే చెబుతాయి. ఆపేముందు విండోస్‌లోకి వెళ్లి బిట్‌లాకర్‌ను, అంటే ఈ డిస్కు తాళాన్ని, తాత్కాలికంగా నిలిపివేయాలి. ఒక్క నొక్కు పని. కుర్రాడు నేరుగా బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాములోకి, వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేశాడు. విండోస్ తెరిస్తే నీలం తెర, కీ కావాలి. అప్పుడైనా సెక్యూర్ బూట్‌ను తిరిగి ఆన్ చేసి ఉంటే చాలావరకు అక్కడితో సర్దుకునేది. అతను అది చేయకుండా, బయోస్ పాతబడి ఉంటుందని దాన్ని అప్‌డేట్ చేశాడు. ఏఎండీ ప్రాసెసర్ ఉన్న బోర్డుల్లో అప్‌డేట్ తర్వాత ఒక నల్లటి తెర రావచ్చు. టీపీఎంను చెరిపేయాలంటే వై నొక్కండి, బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ లేకుండా కంప్యూటర్ లేవదు, పాతది ఉంచాలంటే ఎన్ నొక్కండి అని ఇంగ్లీషులో విడమరిచి రాసి ఉంటుంది. కుర్రాడు చదవలేదు, వై నొక్కాడు. మా అమ్మాయి పక్కనే నిలబడి “ఆగండి” అంటూనే ఉంది.

జీఎస్‌టీఆర్-3బీ అనే జీఎస్‌టీ రిటర్ను నెలనెలా వేసేవారికి గడువు 20వ తేదీ. మా ఆవిడ ట్యాలీ లెక్కలన్నీ ఆ తాళం వెనక ఉండిపోయాయి. దుకాణంవాళ్ల మాట ఏమిటంటే, “ఆ కీ మీ దగ్గరే ఉండాలి సార్. లేకపోతే ఫార్మాట్ చేసి మళ్లీ వేసిస్తాం, చార్జీ సగమే తీసుకుంటాం.” ఫార్మాట్ అంటే లెక్కలన్నీ తుడిచిపెట్టడం. దాన్ని రాయితీలా చెబుతున్నారు!

ఇక్కడ అమ్మాయి బుర్ర పనిచేసింది. నీలం తెర మీద కీ ఐడీ అని కొన్ని అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. ఖాతాలో దాచిన కీ పక్కన కూడా అవే ఉంటాయి. తన ఖాతాలో చూసింది, ఏమీ లేదు. మా విండోస్‌లో యూజర్ ఫోల్డరు పేరు మాలో ఎవరిదీ కాదని, అది దుకాణం ఈమెయిల్‌లోని మొదటి అయిదు అక్షరాలని అప్పుడు గుర్తుకొచ్చింది. విండోస్ ఆ ఫోల్డరుకు పేరు పెట్టే పద్ధతే అది. యజమానిని కూర్చోబెట్టి ఆ ఖాతా తెరిపించాం. కీల జాబితా కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉంది. మా కీ దొరికింది, విండోస్ తెరుచుకుంది, రిటర్నులు గడువులోపే వెళ్లాయి. కానీ ఆ జాబితాలో మా తర్వాత, మా ముందు ఉన్న వరుసలన్నీ ఎవరెవరి ఇళ్లలోని కంప్యూటర్లవి. వాళ్లలో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

తనిఖీ మొదలుపెట్టాక మిగతావీ బయటపడ్డాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ పేజీ చూడండి. సొంత లైసెన్సు అయితే డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయిందని ఉంటుంది. మాది ‘మీ సంస్థ యాక్టివేషన్ సేవ’ ద్వారా అయిందని ఉంది. అది పెద్ద కంపెనీలకు ఇచ్చే పద్ధతి. 180 రోజులు చెల్లుతుంది, ఆలోగా ఆ సంస్థ సర్వరును పలకరించి పొడిగించుకోవాలి. మా ఇల్లు ఏ సంస్థా కాదు. అలాంటి సర్వరు ఉన్నట్టు నటించే దొంగ ప్రోగ్రామును దుకాణంవాళ్లు వేసిపెట్టారు. లైఫ్‌టైమ్ అన్నది ఆ దొంగ ప్రోగ్రాము ఎంతకాలం బతికితే అంతకాలం. దానికి యాంటీవైరస్ అడ్డురాకుండా విండోస్ సెక్యూరిటీలోని మినహాయింపుల జాబితాలో ఒక ఫోల్డరును చేర్చిపెట్టారు. లెక్కలు, బ్యాంకు పనులు నడిచే కంప్యూటర్‌లో కాపలాదారుణ్ణి ఒక గది వైపు చూడొద్దని చెప్పి పెట్టడమన్నమాట.

గడియారం సంగతి చిన్నదే అయినా చెప్పాలి. ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే సమయం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి వెళ్లేది. “మదర్‌బోర్డు బ్యాటరీ పోయింది” అని 150 రూపాయలు తీసుకుని మార్చారు. కొత్త బోర్డుకు! అయినా అదే తీరు. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. మన దేశ సమయానికీ దానికీ తేడా అయిదున్నర గంటలు. ఉబుంటులో ఒక్క ఆదేశంతో సరిపోతుంది. తేడా కచ్చితంగా 5:30 అయితే బ్యాటరీకి డబ్బు ఇవ్వకండి.

ఒక టీబీ డిస్కులో ఉబుంటుకు వదిలింది 25 జీబీ. కాలీకి చోటే లేదు. దీని గురించి ఇంకేం రాయను.

ఇప్పుడు కొనబోయేవారికి నా మాట. దుకాణంలో విండోస్ వేయిస్తే ఖాతా అడిగే తెర వచ్చినప్పుడు మీరే కూర్చుని మీ ఈమెయిల్, మీ పాస్‌వర్డ్ కొట్టండి. “రేపు రండి, రెడీగా ఉంటుంది” అంటే ఒప్పుకోవద్దు. ఇంటికొచ్చాక మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో రికవరీ కీల పేజీ తెరిచి, మీ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో పాటు పెట్టండి. లినక్స్‌కు వీలైతే వేరే ఎస్‌ఎస్‌డీ (డిస్కు) తీసుకోండి. రెండు సిస్టమ్‌లు రెండు డిస్కుల మీద ఉంటే ఒకదాని మరమ్మతు చాలావరకు రెండోదాన్ని ముట్టుకోదు. కాలీ నేర్చుకోవడానికైతే అసలు డిస్కు మీద వేయనక్కర్లేదు. విండోస్ లోపలే ఇంకో సిస్టమ్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాములో నడిచే సిద్ధమైన కాలీ ఫైలును వాళ్లే ఉచితంగా ఇస్తున్నారు, సెక్యూర్ బూట్ జోలికి వెళ్లే పని ఉండదు. మా అమ్మాయి ఇప్పుడు అలాగే వాడుతోంది. లినక్స్ వేయడం రాదని వెనకాడేవారికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ వంటి స్వచ్ఛంద సంస్థల వాళ్లున్నారు, ‘లైసెన్సు’ పేరుతో బిల్లు రాయరు.

ఇప్పటికే దుకాణం ఖాతాతో ఉన్న కంప్యూటర్ మీ ఇంట్లో ఉంటే, ఆ ఖాతాను తీసేసి మీది పెట్టుకుంటే పని అయిపోయిందని అనుకోకండి. పాత కీ పాత ఖాతాలోనే ఉంటుంది, దానితో మీ డిస్కు ఇంకా తెరుచుకుంటుంది. ముందు ఫైళ్ల నకలు వేరే డిస్కులోకి తీసుకోండి. వన్‌డ్రైవ్‌ను ఆ ఖాతా నుంచి విడదీయండి. ఎన్‌క్రిప్షన్‌ను పూర్తిగా ఆపి, డిస్కు మామూలు స్థితికి వచ్చాక మీ ఖాతాతో మళ్లీ ఆన్ చేయండి. అప్పుడు కొత్త కీ పుడుతుంది, పాతది పనికిరాకుండా పోతుంది. మా ఇంట్లో మాత్రం ఈ తంటా పడలేదు. అసలు లైసెన్సు కొని అంతా మొదటి నుంచి వేసుకున్నాం. ఆ దొంగ ప్రోగ్రాము ఇంకేమేం చేసి పెట్టిందో ఎవరికెరుక.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, ఫిర్యాదు రెండేళ్లలోపు వేయాలి. బిల్లు పారేయకండి, ‘లైసెన్సు’ అని రాసిన ఆ వరుసే నాకు పనికొచ్చింది. ఫిర్యాదు నమోదయ్యాక లైసెన్సు, ఇన్‌స్టలేషన్ కలిపి 2,500 వెనక్కి ఇచ్చారు. బ్యాటరీ 150 మాత్రం ఇవ్వలేదు.

వెళ్లేటప్పుడు యజమాని, “ఆ ఖాతానే మూసేస్తాం సార్, ఇక గొడవ ఉండదు” అన్నాడు. మూసేస్తే అందులోని మిగతావాళ్ల కీలు కూడా పోతాయి కదా అంటే జవాబు లేదు. మైక్రోసాఫ్ట్ ఖాతా మూయమని కోరితే 30 లేదా 60 రోజులు ఆగి, తర్వాత అన్నీ చెరిపేస్తుంది. అందుకే ఇంత తొందరగా రాస్తున్నాను. సికింద్రాబాద్‌లో అసెంబుల్ చేయించుకుని, సెట్టింగ్స్‌లో ఖాతాల పేజీలో మీది కాని ఈమెయిల్ కనిపిస్తే, విండోస్ ఇంకా తెరుచుకుంటుండగానే కంట్రోల్ ప్యానెల్‌లోని బిట్‌లాకర్ పేజీకి వెళ్లి మీ రికవరీ కీ ప్రింట్ తీసుకోండి. హోమ్ ఎడిషన్ అయితే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను ఆపేయండి. బయోస్ జోలికి మాత్రం అప్పటిదాకా ఎవరినీ వెళ్లనివ్వకండి.