డెనాన్ 1800హెచ్: ఫ్లాట్ హాలుకి ఎంత రిసీవర్ చాలు?

టీవీ వెనక నుంచి నాలుగు వైర్లు గోడ వెంట పాకితే ఇంట్లో గొడవైపోతుందనుకునేవాళ్లు హాయిగా సౌండ్‌బార్ కొనుక్కోండి, అందులో తప్పేం లేదు. నలభై వేల నుంచి ఎనభై వేల లోపు ఒక ఏవీ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల సౌండు తీసుకుని స్పీకర్లన్నింటికీ పంచే డబ్బా) తీసుకుందామని నెట్‌లో చదివి చదివి, చివరికి ఏది కొనాలో తేలక తల పట్టుకున్నవాళ్ల కోసం ఇది. నేను డెనాన్ ఏవీఆర్-ఎక్స్1800హెచ్ తీసుకున్నా. వైజాగ్ మధురవాడలో మా ఫ్లాట్ హాల్లోనే వాడుతున్నా, దానికంటూ వేరే గది లేదు. నేను చెప్పేది ఒక్కటే, ఈ ధరలో వాట్లు, ఛానళ్లు (ఎన్ని స్పీకర్లు నడపగలదన్నది) చూసి డబ్బు పొయ్యకండి. గదిని కొలిచి సౌండు సరిచేసే సాఫ్ట్‌వేర్ ఏది బాగుందో చూసి రిసీవర్ తీసుకుని, మిగిలిన డబ్బంతా స్పీకర్ల మీద, అందులోనూ సెంటర్ స్పీకర్ (టీవీ దగ్గర మధ్యలో పెట్టేది, మాటలు వచ్చేది) మీద పెట్టండి.

ముందు వాట్ల సంగతి. ద్వారకానగర్‌లో ఒక షోరూంకి వెళ్తే సేల్స్ కుర్రాడు నోరు తెరవగానే చెప్పింది అదే. "ఛానల్‌కి 175 వాట్స్ సార్, ఏడు ఛానళ్లు, మీరే లెక్కేసుకోండి" అన్నాడు. లెక్కేస్తే 1225 వస్తుంది. డబ్బా వెనక్కి తిప్పి ప్లేటు మీద చూడండి, అది గోడ ప్లగ్గు నుంచి లాగే కరెంటే దాంట్లో సగం కూడా ఉండదు. మరి బయటికి అన్ని వాట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? వెనకటికి టేప్ రికార్డర్ల మీద "2000 వాట్స్ పీఎంపీఓ" అని స్టిక్కర్ ఉండేది గుర్తుందా, ఇది దానికి కాస్త చదువుకున్న తమ్ముడు. ఆ పెద్ద అంకె ఒక్క ఛానల్‌ని మాత్రమే నడిపి, ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర, 10 శాతం డిస్టార్షన్ (సౌండు చెడిపోవడం) దాకా వెళ్లనిచ్చి కొలిచింది అయ్యుంటుంది. అసలు చూడాల్సింది 8 ఓమ్స్ దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు ఛానళ్లు నడుపుతూ కొలిచిన అంకె. 1800హెచ్‌కి అది 80 వాట్లు. యమహా ఆర్ఎక్స్-వి6ఏకి 100. ఇరవై వాట్లు తేడా అనగానే చాలా అనిపిస్తుంది గానీ సౌండు కొలిచే డెసిబెల్స్‌లో చూస్తే ఒక్కటి కూడా పూర్తిగా రాదు, చెవికి తెలియనే తెలియదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్. అదే మూడు డెసిబెల్స్ 88 సెన్సిటివిటీ (ఒక్క వాటుకి ఎంత సౌండు ఇస్తుందన్నది) ఉన్న స్పీకర్ బదులు 91 ఉన్నది కొంటే ఊరికే వచ్చేస్తాయి. ఇంట్లో మామూలుగా సినిమా చూసే సౌండుకి ఒక్కో స్పీకర్ తాగేది ఎక్కువసేపు ఒకటి రెండు వాట్లే, పేలుడు లాంటివి వచ్చినప్పుడే పైకి లేస్తుంది.

ఛానళ్ల సంగతి కూడా అంతే. మన ఫ్లాట్లలో సోఫా ఎక్కడుంటుంది? వెనక గోడకి ఆనుకుని. అలాంటప్పుడు 7.1లో (ఏడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, అంటే బేస్ స్పీకర్) వెనక పెట్టాల్సిన ఆ రెండు స్పీకర్లు ఎక్కడ పెడతారు, పక్క ఫ్లాట్‌వాళ్ల బెడ్‌రూంలోనా? కాబట్టి ఏడు ఛానళ్ల రిసీవర్ కొన్నా ఆ మిగిలిన రెండూ పైన పెట్టే అట్మాస్ (పైనుంచి కూడా సౌండు వినిపించే డాల్బీ పద్ధతి) స్పీకర్లకే పనికొస్తాయి, అంటే 5.1.2, చివరి 2 ఆ పైవి. ఫాల్స్ సీలింగ్ చేయించేటప్పుడే వైరు లాగి ఉంచుకుంటే సరే. లేదంటే ఉత్త 5.1 చాలు, నిజంగా చాలు. అట్మాస్ వద్దు, వైఫై వద్దు, బ్లూటూత్ ఉంటే చాలనుకుంటే ఇదే డెనాన్‌లో ఎక్స్580బీటీ ఉంది, ఐదు ఛానళ్లు, 70 వాట్లు, చాలా తక్కువకి వస్తుంది. మిగిలిన డబ్బుతో మంచి సెంటర్ స్పీకర్ కొనండి, 1800హెచ్‌కి చవక స్పీకర్లు తగిలించినవాడి ఇంట్లో కంటే మీ ఇంట్లోనే బాగా వినిపిస్తుంది. షోరూంలో ఈ మాట ఎవడూ చెప్పడు.

మరి నేను 1800హెచ్ ఎందుకు తీసుకున్నానంటే, ఒకటి పైన రెండు స్పీకర్లకి వైరు ముందే లాగి ఉంది, రెండోది ఆడిస్సీ మల్ట్ఈక్యూ ఎక్స్‌టీ, గదిని కొలిచి సౌండు సరిచేసే సాఫ్ట్‌వేర్ అన్నానే, అదే. దాంతో పాటే ఒక చిన్న మైకు ఇస్తారు, దాన్ని మనం కూర్చున్నప్పుడు చెవులుండే ఎత్తులో పెట్టి (కెమెరా ట్రైపాడ్ ఉంటే బంగారం, సోఫా మీద దిండ్లు పేర్చి వాటి మీద పెట్టకండి) ఒక్కొక్క స్పీకర్ నుంచి "హుయ్‌ప్, హుయ్‌ప్" మని శబ్దం వదులుతూ గదిని కొలుస్తుంది. అలా ఎనిమిది చోట్ల దాకా మైకు జరిపి కొలవొచ్చు. ఆ కొలిచేంతసేపూ ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపాలి, కిటికీలు మూయాలి. మే నెలలో వైజాగ్‌లో ఈ పని పెట్టుకుంటే తువ్వాలు పక్కనే ఉంచుకోండి. నేను పొద్దున్నే మొదలుపెడితే సరిగ్గా మధ్యలో చెత్తబండి పాట పెట్టుకుంటూ వచ్చింది, చుట్టుపక్కల శబ్దం ఎక్కువగా ఉందని స్క్రీన్ మీద గొణిగి ఆగిపోయింది. బండి పోయాక మళ్లీ మొదలు. అందుకే రాత్రి పది దాటాక పెట్టుకోండి, కానీ కింది ఫ్లాట్‌వాళ్లకి ఓ మాట చెప్పి మరీ.

ఇంత తతంగం ఎందుకంటే, మా హాల్లో కింద విట్రిఫైడ్ టైల్స్, బాల్కనీ వైపు మొత్తం గ్లాసు తలుపు, గోడలు బోడిగా. చప్పట్లు కొడితే ఠంగుమని మోగే హాలు. ఇలాంటి గదిలో బేస్ ఒక మూల గుయ్యిమంటుంది, ఇంకో మూల అసలుండదు. ఆడిస్సీ వేశాక ఆ గుయ్యిమనడం బాగా తగ్గింది, మాటకీ మాటకీ మధ్య గ్యాప్ వినిపించడం మొదలైంది. అలాగని అదేం మంత్రం కాదు. గదిలో ప్రతిధ్వనిని అది తియ్యలేదు, దానికి మందపాటి కర్టెన్, సోఫా ముందు ఒక కార్పెట్, రెండూ వెయ్యాల్సిందే. కొలిచాక ఒకసారి మెనూలోకి వెళ్లి ముందు స్పీకర్లు "లార్జ్" అని పెట్టిందేమో చూసి "స్మాల్"కి మార్చండి, క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కింది సౌండు సబ్‌వూఫర్‌కి వెళ్లాలన్నది) 80 హెర్ట్జ్ పెట్టండి, బరువంతా సబ్‌వూఫర్ మొయ్యనివ్వండి. సబ్‌వూఫర్ దూరం మాత్రం టేపుతో కొలిచిన దానికంటే ఎక్కువ చూపిస్తుంది, కంగారుపడి దాన్ని దిద్దకండి, సబ్ లోపలి సర్క్యూట్‌లో అయ్యే ఆలస్యాన్ని కూడా కలిపి చూపిస్తుంది.

ఇప్పుడు డైలాగుల సంగతి, అసలు చాలామంది ఈ బాధతోనే హోమ్ థియేటర్ గురించి వెతకడం మొదలుపెడతారు. ఓటీటీలో తెలుగు సినిమా పెడితే మాటలు వినపడవు, వాల్యూమ్ పెంచితే ఫైటు రాగానే ఇల్లు ఎగిరిపోతుంది, రిమోట్ చేతిలో పట్టుకునే సినిమా అంతా చూడాలి. 5.1 ట్రాక్‌లో మాటలు దాదాపు మొత్తం సెంటర్ ఛానల్‌లోనే ఉంటాయి. దాన్ని టీవీ రెండు స్పీకర్లలోకి కుదిస్తే మాటలూ మ్యూజిక్కూ ఒకదాని మీద ఒకటి పడతాయి. రిసీవర్ ఉంటే ఆ ఒక్క సెంటర్‌నే రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవచ్చు. నా దగ్గర సెంటర్ రెండున్నర ఎక్కువ పెట్టి ఉంది, మా అమ్మ "ఇప్పుడు వాళ్లు మాట్లాడేది తెలుస్తోందిరా" అన్న రోజుతో సెట్టింగులు గెలకడం ఆపేశా. రాత్రిపూట అయితే డైనమిక్ వాల్యూమ్ "లైట్"లో పెడతా, పెద్ద శబ్దాలు అణిగి మాటలు పైకొస్తాయి. పగలు ఆపేయండి, లేకపోతే సినిమా చప్పగా ఉంటుంది.

కనెక్షన్ గురించి రెండు మాటలు. టీవీ సౌండుని హెచ్‌డీఎంఐ వైరు మీదే రిసీవర్‌కి పంపేదాన్ని ఆర్క్ అంటారు, దాని కొత్త రకం ఈఆర్క్. టీవీకి ఈఆర్క్ లేదు, ఉత్త ఆర్క్ ఉంది, అట్మాస్ రాదేమో అని టెన్షన్ పడి టీవీ కూడా మార్చేసేవాళ్లున్నారు. అక్కర్లేదు. ఓటీటీల్లో వచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్‌లో వస్తుంది, అది మామూలు ఆర్క్‌లోనే వెళ్తుంది. ఈఆర్క్ కావాల్సింది బ్లూరేలో ఉండే ట్రూహెచ్‌డీ అనే ఇంకా పెద్ద ట్రాక్‌ని టీవీ మీదుగా పంపాలంటేనే, ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కే పెట్టేస్తే ఆ గొడవా లేదు. టీవీ సౌండ్ సెట్టింగ్‌లో "పీసీఎం" ఉంటే దాన్ని "పాస్‌త్రూ" గానీ "ఆటో" గానీ చెయ్యండి, సగం మంది ఫిర్యాదులు అక్కడితో పోతాయి. పాత ఆప్టికల్ వైరు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, అది మామూలు 5.1తో ఆగిపోతుంది.

సబ్‌వూఫర్ కొంటే కింద మందపాటి రబ్బరు మ్యాట్ కూడా కొనండి. మా కింది ఫ్లాట్ పిన్నిగారు లిఫ్ట్‌లో కలిసి, "నిన్న రాత్రి మీ ఇంట్లో ఏటి బాబూ, మా స్టాండులో గిన్నెలన్నీ మోగీసినయ్" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ప్రతిసారీ నవ్వరు కదా. మ్యాట్ వేసి, సబ్‌ని మూలలోంచి కాస్త ముందుకు జరిపాక ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇది వైజాగ్ కాబట్టి ఇంకొన్ని చెప్పాలి. సముద్రపు గాలి. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్లకి చెప్పనక్కర్లేదు, కిటికీ గ్రిల్లులు ఎలా తుప్పు పడతాయో రోజూ చూస్తూనే ఉంటారు. స్పీకర్ వైరు చివర ఒలిచి అలాగే వదిలేస్తే రాగి పచ్చగా మారిపోతుంది. బనానా ప్లగ్గులు (వైరు చివర బిగించే పిన్నులు) వేయించండి, ఏడాదికోసారి తీసి తుడిచి మళ్లీ బిగించండి. వైరు అసలైన రాగిదే తీసుకోండి, అల్యూమినియం మీద రాగి పూత పూసింది చవగ్గా వస్తుంది గానీ ఈ గాలికి ఇంకా తొందరగా పోతుంది. రిసీవర్‌ని టీవీ యూనిట్‌లో తలుపులున్న అరలో పెట్టి మూసేయకండి, ఏ కంపెనీదైనా వేడెక్కుతుంది, పైన కనీసం జానెడు ఖాళీ ఉండాలి. దాని మీద సెట్‌టాప్ బాక్సు పెట్టడం, ఆ సెట్‌టాప్ బాక్సు మీద ఇంకో బొమ్మ పెట్టడం, ఈ అలవాటు మానేయాలి. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయండి. స్పైక్ గార్డ్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో అది ఉన్నా లేనట్టే, పైగా దెబ్బ కేబుల్ వైరు మీదుగా వచ్చి హెచ్‌డీఎంఐలోంచి కూడా లోపలికి పోవచ్చు.

1800హెచ్‌లో నాకు నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. హెచ్‌డీఎంఐ ఔట్ ఒక్కటే, కాబట్టి టీవీ, ప్రొజెక్టర్ రెండూ ఉన్నవాళ్లకి కుదరదు. సబ్‌కి తప్ప స్పీకర్లకి ప్రీ-ఔట్లు (బయటి యాంప్లిఫైయర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్లు) లేవు, రేపు పెద్ద యాంప్లిఫైయర్ కలుపుదామంటే దారి లేదు. ఆడిస్సీని ఇంకా లోతుగా మార్చుకోవాలంటే ఫోన్ యాప్‌ని డబ్బులిచ్చి కొనాలి, ఇంత పెట్టి కొన్నాక మళ్లీ యాప్‌కి కూడానా అని ఒళ్లు మండుతుంది. కానీ ఆ యాప్‌లో కరెక్షన్ ఎంత ఫ్రీక్వెన్సీ దాకా వెయ్యాలో మనమే గీత గీసుకోవచ్చు, దానికోసం కొనాలి.

యమహా వి6ఏ కూడా మంచిదే, మధ్యలో పెద్ద గుండ్రటి నాబ్‌తో చూడ్డానికి ఇదే బాగుంటుంది, ఏడు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. 2020లో వచ్చిన డెనాన్, యమహా మోడళ్లలో హెచ్‌డీఎంఐ చిప్ లోపం ఉండేది, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ నుంచి 4కే 120 హెర్ట్జ్ సరిగా వెళ్లేది కాదు. యమహా తర్వాత బోర్డులు మార్చి ఇచ్చింది, డెనాన్ ఒక అడాప్టర్ ఇచ్చింది. గేములు ఆడనివాళ్లకి దాంతో పని లేదు, ఆడేవాళ్లు బోర్డు మార్చారా, అడాప్టర్ ఉందా అని అడిగే డబ్బివ్వండి.

"బావ అమెరికా నుంచి వస్తున్నాడు, తెప్పించుకోనా" అని అడిగేవాళ్లకి, వద్దు. అక్కడి పీసు 120 వోల్టులది, ఇక్కడ 230లో నేరుగా పెడితే పొగే. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్నా వారంటీ ఇక్కడ చెల్లదు. ఇక్కడ కూడా మరీ తక్కువ రేటు చెప్పే చోట గ్రే మార్కెట్ (కంపెనీ డీలర్ల ద్వారా కాకుండా వచ్చిన) సరుకేమో చూసుకోవాలి. నాకు ఒక షాపులో వారంటీ కార్డు మీద కంపెనీ పేరు లేకుండా షాపు సీలు మాత్రమే కొట్టి ఇవ్వబోయారు, "మేమున్నాం కదా సార్" అంటూ. రిపేరొస్తే వైజాగ్‌లోనే చూస్తారా, హైదరాబాద్ పంపాలా, పంపితే రవాణా ఎవరిది అని బిల్లు కట్టకముందే అడగండి. అట్టపెట్టె మీద, రిసీవర్ వెనక, బిల్లు మీద సీరియల్ నంబర్ ఒకటేనా కాదా అనేది షాపులో నిలబడి ఉండగానే చూసుకోండి, ఇంటికెళ్లాక ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.