తాజా పుట్టగొడుగులా, ఫ్రోజెన్ ప్యాకెట్టా?

ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లే తీరిక ఉన్న రోజు తాజావే తెస్తాను. 200 గ్రాముల డబ్బా, పైన ప్లాస్టిక్ పొర. ఆ పొరకు లోపల చెమ్మ పట్టి ఉంటే మాత్రం ముట్టను, రేపటికల్లా జిగురుపడతాయి. బాగున్నవైనా ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే. మన ఎండల్లో బండి డిక్కీలో గంట ఉన్నాయంటే ఆ లెక్కా తప్పుతుంది. ఫ్రోజెన్ ప్యాకెట్‌కు ఆ తొందర లేదు. మైనస్ 18 డిగ్రీల్లో నెలల తరబడి ఉంటుంది.

అసలు తేడా బాండీలో తెలుస్తుంది. పుట్టగొడుగులో దాదాపు 90 శాతం నీళ్లే. గడ్డకట్టినప్పుడు అవి మంచు పలుకులై కణాలను చీలుస్తాయి, కరగగానే బయటికి కారతాయి. మొదటిసారి నేను ప్యాకెట్‌ను గిన్నెలో పోసి పూర్తిగా కరగబెట్టాను. మిరియాల వేపుడు అనుకున్నది కాస్తా చారైంది. "ఇది కూరనా, పులుసా?" అన్నారు మా అత్తమ్మ.

ఇప్పుడు కరగనివ్వను. బాండీ బాగా కాగాక, పెద్ద మంట మీద గుప్పెడు గుప్పెడుగా నేరుగా వేస్తాను. మూత పెట్టను. నీళ్లు ఇగిరి చిటపటలు మొదలయ్యాకే నూనె, ఉప్పు. అంచులు ఎర్రబడతాయి కానీ తాజా ముక్కను కొరికినట్టు ఉండదు, కాస్త సాగుతుంది.

అందుకే వేపుడుకు, కబాబ్‌కు తాజావే. మసాలా కూరకు, సూప్‌కు ఫ్రోజెన్ చాలు. పల్లీలు, నువ్వులు నూరి వేసిన గ్రేవీలో ఎవరూ కనిపెట్టలేరు. పొద్దున్నే బాక్సులు కట్టే ఇంట్లో కడిగి కోసే పని తప్పడమూ తక్కువేం కాదు. బిర్యానీకి కూడా వాడొచ్చు, నీళ్లు పూర్తిగా ఇగిర్చాకే మసాలాలో కలపాలి. లేదంటే అన్నం ముద్దవుతుంది.