వైజాగ్‌లో తాగుడు మానేవాళ్ళ గ్రూపు: మూడేళ్ళు వెళ్ళాక నా రివ్యూ

బిర్యానీ పాయింట్‌కి రివ్యూ రాస్తాం గానీ దీనికి ఎవరూ రాయరు, పేరు బయటపడుద్దని భయం. నాకూ ఉంది, అందుకే పేరు చెప్పను. ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు, వారానికి మూడు మీటింగులు చొప్పున మూడేళ్ళు దాటింది.

గ్రూపు కంటే ముందు ఇంకో సంగతి. రోజూ హాఫ్ బాటిల్ లాగించేవాణ్ణి, ఒక సోమవారం పంతం పట్టి ఒక్కసారే ఆపేశా, ఎవరికీ చెప్పలేదు కూడా. మంగళవారం చేతులు వణికి టీ గ్లాసు సగం చొక్కా మీదే పోయింది, రాత్రికి ఫిట్స్. మా బావమరిది ఆటోలో వేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మర్నాడు వార్డులో గోడ నిండా చీమలు బారులు కట్టాయని నర్సమ్మని చీపురు అడిగానంట, అక్కడ ఒక్క చీమ కూడా లేదు. బీ1 విటమిన్ ఇంజెక్షన్లు, వణుకు తగ్గే మందులు, వారం పట్టింది. ఎక్కువ తాగేవాళ్ళు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదకి వస్తుందని అప్పుడే తెలిసింది. గ్రూపులో డాక్టర్ ఉండడు, మందులివ్వరు, కాబట్టి బాగా అలవాటున్నవాళ్ళు ముందు డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

ఇక గ్రూపు వెతకడం, అదో పెద్ద తంటా. నెట్‌లో దొరికిన అడ్రసు పట్టుకుని వెళ్తే గదికి తాళం, పక్కన పాన్ షాపాయన "ఆళ్ళు ఎళ్ళిపోయి ఏడాదైంది" అన్నాడు. నిజం చెప్పాలంటే లోపల కాస్త సంతోషమేసింది, వెతికాను దొరకలేదు అని ఇంట్లో చెప్పుకోవచ్చు కదా. ఇంకోచోట సగం ఇంగ్లీషు, నాకు ఎక్కలేదు. మూడోది ఒక చర్చి వెనకాల గది, ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళా. మీరూ అంతే, ఫోన్ చేశాకే బస్సెక్కండి. ఏ దారీ తోచకపోతే 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ ఉంది, మనసు బాలేకపోతే టెలీ మానస్ 14416, రెండూ ఫ్రీ.

గేటు దగ్గర పది నిమిషాలు ఫోన్ చూస్తున్నట్టు నటించా. ఒక పెద్దాయన బయటికొచ్చి "ఏటి బావూ, అక్కడే నిల్చుండిపోనావు, టీ సల్లారిపోతాది రా" అన్నాడు. లోపలికెళ్తే మా వీధి చివరింటాయన కూర్చుని ఉన్నాడు! ఇద్దరం ఒకేసారి తల దించుకున్నాం. తర్వాత ఆయనే నా స్పాన్సర్ అయ్యాడు, అంటే అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తేవాడు అన్నమాట.

ఫీజు లేదు, రిజిస్టర్ లేదు. చివర్లో ఒక గుడ్డ సంచి తిరుగుద్ది, కొత్తవాళ్ళని వెయ్యొద్దంటారు, గది అద్దెకీ టీకీ దాన్నుంచే. బయటివాళ్ళ విరాళాలు తీసుకోరు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు, ఒకాయన షేర్ల వ్యాపారం, ఇంకొకాయన డాక్టర్, ఒకరికొకరు తోడుండి మానుకుని మొదలుపెట్టారంట. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రారు, సలహాలు చెప్పరు. మన వాళ్ళు పదిమంది ఒక గదిలో కూర్చుని గంటన్నర సలహా ఇవ్వకుండా ఉండటం నేను ఇంకెక్కడా చూళ్ళేదు.

నాకు అసలు పనిచేసింది టైము. నేను మందు మొదలెట్టేది సాయంత్రం ఏడింటికి, మీటింగూ ఏడింటికే. ఎనిమిదిన్నరకి బయటికొచ్చి ఇంటికెళ్ళేసరికి ఆకలేసి అన్నం తినేస్తా, ఆ గండం దాటిపోద్ది. ఏఏలో మానడానికి ఒకదాని తర్వాత ఒకటి చేసే పన్నెండు పనులుంటాయి, వాటినే మెట్లు అంటారు, అవి తర్వాత సంగతి. తొమ్మిదో మెట్టు, అంటే మనం నష్టపెట్టినవాళ్ళకి సరిచేయడం, దానికి నాకు రెండేళ్ళు పట్టింది, మా ఆవిడ నల్లపూసలు తాకట్టు నుంచి విడిపించి ఇస్తే ఒక్క మాట అనకుండా బీరువాలో పెట్టేసింది. ఇంకా వేసుకోలేదు.

బాగోలేనివీ చెప్తా. దేవుడి మాట ఎక్కువ, "మీకు తోచిన దేవుడు" అంటారు గానీ నాలాంటోడికి మొదట్లో చిరాకే, ఇంకో సభ్యుడైతే నాకు ఈ గ్రూపే దేవుడు అని సర్దుకున్నాడు. ఒకాయన కంచరపాలెంలో కాలవలో పడ్డ కథ నలభై సార్లు చెప్పాడు, ఆ కాలవ మ్యాపు లేకుండా చూపించగలను. ఆడవాళ్ళు మా దగ్గర ఇద్దరే, వాళ్ళకి ఆ గదిలో మాట్లాడటం కష్టంగానే ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి అల్-అనాన్ అని వేరే గ్రూపు ఉంటుంది, మా ఆవిడ ఒకసారి వెళ్ళి "నువ్వు మానితే చాలు, నాకెందుకు" అంది.

పదకొండో నెలలో అనకాపల్లి పెళ్ళిలో తాగేశా. వారం మొహం చాటేశాను, తర్వాత వెళ్తే ఎందుకని ఎవరూ అడగలేదు, బెంచీ మీద కాస్త జరిగారు అంతే. మానిన రోజుల లెక్క మళ్ళీ ఒకటి నుంచి. 2024 అక్టోబర్‌లో ప్రైవేటు మందు షాపులు తిరిగొచ్చి 99 రూపాయల క్వార్టర్ అన్నప్పుడు మీటింగుకెళ్ళే దారిలోనే ఒకటి తెరిచారు, ఆ నెలంతా పది నిమిషాలు ఎక్కువ నడిచి చుట్టూ తిరిగి వెళ్ళా. ఇప్పుడు ఆ దారినే వెళ్తున్నా, కానీ అవతలి ఫుట్‌పాత్ మీద నుంచే.