బ్లూమింగ్టన్‌లో ఫుట్‌బాల్ శనివారం: ఎక్కడ దిగాలి, ఎలా వెళ్లాలి, ఏది దండగ

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో ఉన్న ఇండియానా యూనివర్సిటీ అంటే మొన్నమొన్నటిదాకా బాస్కెట్‌బాల్. ఐదు జాతీయ టైటిళ్లు ఆ ఆటలోవే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మాత్రం, 2024 సీజన్ మొదలయ్యేనాటికి, పెద్ద కాలేజీ జట్లన్నిటిలోకీ ఎక్కువసార్లు ఓడిన జట్టు ఇదే. 2023లో 3 గెలిచి 9 ఓడింది. ఆ తర్వాత జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి కర్ట్ సిగ్నెటీ కోచ్‌గా వచ్చాడు. తొలి ఏడే 11 గెలుపులు, 2 ఓటములు. 2024 నవంబరు 9న మిషిగన్‌ని 20–15తో ఓడించినప్పుడు, ఒకే సీజన్‌లో పది విజయాలు అందుకోవడం ఆ జట్టు చరిత్రలోనే మొదటిసారి. మరుసటి ఏడు ఒక్కటి కూడా ఓడకుండా 16–0తో జాతీయ టైటిల్ పట్టేసింది.

జట్టు మారింది కానీ ఊరు మారలేదు. మెమోరియల్ స్టేడియంలో సీట్లు సుమారు 52 వేలు, ఊరి జనాభా దాదాపు 80 వేలు, హోటళ్లు ఎప్పటివో. ఒకప్పుడు మ్యాచ్ రోజు పొద్దున లేచి టికెట్ కొనుక్కున్నా సరిపోయేది. ఇప్పుడు టికెట్ కంటే గది దొరకడమే కష్టం. అందుకే ప్లాను టికెట్‌తో కాదు, పడకతో మొదలుపెట్టాలి.

అంతకంటే ముందు తెలియాల్సింది ఆట మొదలయ్యే టైము. తేదీ నెలల ముందే తెలుస్తుంది. టైము మాత్రం టీవీ చానళ్ల చేతిలో ఉంటుంది. చాలా మ్యాచ్‌లకు 12 రోజుల ముందు, కొన్నిటికి కేవలం 6 రోజుల ముందు ప్రకటిస్తారు. మధ్యాహ్నం 12, మూడున్నర, రాత్రి ఏడున్నర... వీటిలో ఏదైనా పడొచ్చు. పన్నెండింటి ఆటైతే రాష్ట్ర రాజధాని ఇండియానాపోలిస్ నుంచి పొద్దున బయల్దేరి చీకటిపడేలోపే తిరిగి రావచ్చు. ఏడున్నర ఆట ముగిసేసరికి రాత్రి పదకొండు. విమాన టికెట్లు తీసుకునేవాళ్లు శనివారం తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు. గది కూడా రద్దు చేసుకునే వీలున్న రేటుకే తీసుకోండి, పది ఇరవై డాలర్లు ఎక్కువైనా సరే.

ఊళ్లో బసకి రెండు మంచి చోట్లు. క్యాంపస్ లోపల స్టూడెంట్ యూనియన్ భవనంలోనే ఉన్న బిడిల్ హోటల్ ఒకటి, కర్క్‌వుడ్ అవెన్యూలో గ్రాడ్యుయేట్ రెండోది. రెండు చోట్లనుంచీ స్టేడియానికి అరగంట అటూ ఇటుగా నడక. కారు ముట్టుకోనక్కర్లేదు, అసలు లాభం అదే. మ్యాచ్ వారాంతాల్లో ఊళ్లోని హోటళ్లు చాలావరకు రెండు రాత్రులు తప్పనిసరి అంటాయి, మామూలు రేటుకి ఎన్నో రెట్లు అడుగుతాయి. సెప్టెంబరులో చిన్న జట్లతో ఆటలకి ఈ ఖర్చు తగినదే. నవంబరులో పెద్ద ఆటకి అంత పోయడం దండగ.

అప్పుడు ఇండియానాపోలిస్ మేలు. ఎయిర్‌పోర్ట్ దగ్గరి హోటల్ నుంచి ఐ-69 మీదుగా సుమారు 50 మైళ్లు, గంట. ఈ హైవే 2024లోనే ఇండియానాపోలిస్ చుట్టూ తిరిగే ఐ-465 దాకా పూర్తిగా కలిసింది. అంతకుముందు స్టేట్ రోడ్ 37 మీద సిగ్నళ్లు, తవ్వకాలతో నరకంగా ఉండేది. కార్మెల్, ఫిషర్స్‌లో బంధువుల ఇళ్లున్న తెలుగువాళ్లు చాలామంది అక్కడే దిగుదామనుకుంటారు. డబ్బు మిగులుతుంది నిజమే, కానీ అది నగరానికి ఉత్తరం కొస, బ్లూమింగ్టన్ దక్షిణాన. ఇంకో అరగంట కలుపుకోండి. రాత్రి ఆటయితే ఇల్లు చేరేది ఒంటిగంట దాటాకే. పైగా నవంబరు జింకలు జతకట్టే కాలం, చీకట్లో రోడ్డు మీదికి దూకుతాయి. నిద్రమత్తులో ఉన్నవాళ్ల చేతికి స్టీరింగ్ ఇవ్వకండి.

తూర్పున కొలంబస్ ఊరు (ఒహాయోలోది కాదు, ఇండియానాదే) ఇంకో దారి. కమిన్స్ కంపెనీ కేంద్రం అక్కడే కాబట్టి భారతీయ కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడినుంచి స్టేట్ రోడ్ 46 బ్రౌన్ కౌంటీ కొండల్లోంచి మెలికలు తిరుగుతూ వస్తుంది. అందమైన దారే. అక్టోబరు మూడు, నాలుగు వారాల్లో మాత్రం శనివారం ఆ దారి పట్టవద్దు. ఆకుల రంగులు చూడ్డానికి రాష్ట్రమంతా నాష్‌విల్ అనే ఆ చిన్న ఊరి మీద పడుతుంది, కార్లు పాకుతాయి. 2024లో నెబ్రాస్కా (56–7), వాషింగ్టన్ (31–17) ఆటలు సరిగ్గా ఆ వారాల్లోనే పడ్డాయి.

స్టేడియం 17వ వీధిలో, బాస్కెట్‌బాల్ అసెంబ్లీ హాల్ పక్కనే. హైవే దిగాక 45/46 బైపాస్ మీదుగా ఉత్తరం వైపునుంచి రావడం మేలు. డౌన్‌టౌన్ గుండా వస్తే డన్ స్ట్రీట్‌లో ఇరుక్కుంటారు. పార్కింగ్ పాసు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. పాసు లేకపోతే డౌన్‌టౌన్ గరాజ్‌లో కారు పెట్టి నడవడమే నయం. ఆట అయ్యాక కూడా అంతే: గేటు ముందు నిలబడి ఊబర్ పిలిస్తే రేటు మండిపోతుంది, కారు మీ దాకా రాదు కూడా. కర్క్‌వుడ్ దాకా నడిచి, ఏదైనా తిని, అప్పుడు పిలవండి.

బ్యాగు పారదర్శకంగా ఉండాలి, 12×6×12 అంగుళాలు మించకూడదు. మామూలు హ్యాండ్‌బ్యాగు తెచ్చిన ఆడవాళ్లని గేటు దగ్గర వెనక్కి పంపడం ప్రతి ఆటలోనూ కనబడేదే. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది. యాభై వేలమంది ఒకేచోట ఉంటే నెట్ పనిచెయ్యదు, కాబట్టి గదిలో ఉండగానే ఫోన్ వాలెట్‌లోకి ఎక్కించుకోండి. పవర్‌బ్యాంక్ మరవొద్దు.

సీట్ల సంగతి. మైదానం ఉత్తర-దక్షిణంగా ఉంటుంది కనుక మూడున్నర ఆటకి తూర్పు స్టాండ్‌లో కూర్చుంటే సూర్యుడు నేరుగా కళ్లలోకి కొడతాడు. సెప్టెంబరులో అది శిక్ష, నవంబరులో వరం. చాలా సీట్లు అల్యూమినియం బల్లలే. చలికాలంలో ఆ లోహం పాదాల్లోంచి వేడిని లాగేస్తుంది. ఎన్ని స్వెటర్లు వేసుకున్నా వణుకు ఆగకపోవడానికి కారణం అదే. కాళ్లకింద ఒక అట్టముక్క, కూర్చునేచోట మందపాటి కుషన్ పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్తే ఈ రెండూ తప్పనిసరి. గడియారం ప్రకారం ఆట గంటసేపే అయినా ప్రకటనలు, విరామాలతో మూడున్నర గంటలు పడుతుంది. థర్డ్ డౌన్‌కి (బంతి చేతిలో ఉన్న జట్టుకి కీలకమైన మూడో ప్రయత్నం) చుట్టూ అందరూ లేచి నిలబడతారు, మనమూ లేవక తప్పదు.

లోపల శాకాహారికి పాప్‌కార్న్, ప్రెట్జెల్, నాచోలు తప్ప గతి లేదు. స్టేడియం బయట మైదానాల్లో టెయిల్‌గేటింగ్‌కి (ఆటకి ముందు కార్ల దగ్గర చేసుకునే విందు) మాత్రం ఇంటి తిండి తెచ్చుకోవచ్చు. డిక్కీలో పులిహోర డబ్బా ఉంటే పక్క కారువాళ్లతో స్నేహం తేలిక. వేడిగా తినాలంటే ఫోర్త్ స్ట్రీట్‌కి వెళ్లండి. వరసగా ఇండియన్, టిబెటన్, థాయ్ హోటళ్లుంటాయి. టిబెటన్ ఎందుకంటే, దలైలామా అన్నగారు ఈ యూనివర్సిటీలోనే ప్రొఫెసర్‌గా పనిచేసి ఇక్కడే స్థిరపడ్డారు. 1927 నుంచి నడుస్తున్న నిక్స్ ఇంగ్లీష్ హట్‌లో గెలిచిన రాత్రి చోటు దొరకడం కల్ల. శుక్రవారం మధ్యాహ్నం చూసి రండి. ఆటకి ముందు ఖాళీ ఉంటే ఎస్కెనాజీ ఆర్ట్ మ్యూజియం ఉచితం, ప్రసిద్ధ వాస్తుశిల్పి ఐ.ఎం. పే సంస్థ డిజైన్ చేసిన భవనం.

ప్లేఆఫ్ (జాతీయ టైటిల్ కోసం సీజన్ చివర జరిగే నాకౌట్ ఆటలు) దశకొస్తే లెక్క తిరగబడుతుంది. మొదటి రౌండ్ ఆటలు 5 నుంచి 8 స్థానాల జట్ల సొంత మైదానాల్లో జరుగుతాయి. 2024లో పదో స్థానంలో ఉన్న ఇండియానా సౌత్ బెండ్ వెళ్లి నోటర్ డామ్ చేతిలో 27–17తో ఓడింది. కారులో నాలుగు గంటల లోపే. 2025లో ఒకటో స్థానం వచ్చింది కాబట్టి మొదటి రౌండ్ ఆడే పనే లేదు, సొంతూళ్లో ఆటా లేదు. అభిమానికి మిగిలింది విమానం ఖర్చు: పసడీనా, అట్లాంటా, మయామీ. వారం పది రోజుల వ్యవధిలో ఒక్కోటి.

వీటిలో అట్లాంటా అన్నిటికంటే సులువు. ఆల్ఫరెటా, కమింగ్ వైపు చుట్టాలుంటే కారు నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్‌లో పెట్టి మార్టా (అక్కడి మెట్రో రైలు) రెడ్ లైన్ ఎక్కండి. ఫైవ్ పాయింట్స్‌లో బ్లూ లేదా గ్రీన్ లైన్‌కి మారితే స్టేడియం పక్కనే దిగుతారు. పసడీనాలో జనవరి 1న పొద్దున రోజ్ పరేడ్ అనే ఊరేగింపు కోసం రోడ్లు మూసేస్తారు. కారు మరచిపోయి మెట్రో ఏ లైన్‌లో మెమోరియల్ పార్క్ దాకా వెళ్లండి. మయామీ ఆట జరిగే మయామీ గార్డెన్స్ స్టేడియం గుమ్మం దాకా రైలు లేదు. పార్కింగ్ పాసు దొరక్కపోతే టికెట్ కొనేముందు ఇంకోసారి ఆలోచించండి.