ఓపెన్ డేటా పోర్టల్‌లో వాన ఫైళ్లు: నాలుగేండ్లు వాడినంక

తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో (సర్కారు లెక్కలు ఎవరైనా దించుకునే వెబ్‌సైట్) వాన లెక్కల ఫైళ్లు నాలుగేండ్ల సంది దించుకుంటున్న. రాష్ట్రం 2016లో ఓపెన్ డేటా పాలసీ తెచ్చింది, పోర్టల్‌లో మెట్రో టైమింగ్స్ నుంచి కరెంటు వాడకం దాకా చాలా ఉంటయి కానీ నాకు అక్కరకొచ్చినవి ఈ వాతావరణం ఫైళ్లే. నెలకొక సీఎస్‌వీ ఫైల్ (ఎక్సెల్‌ల తెరుసుకునే పట్టిక), ఒక్కో లైన్లో జిల్లా, మండలం, తేదీ, ఎన్ని మిల్లీమీటర్ల వాన, ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం. ఎక్సెల్ కొంచెం వస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

మాది పరకాల దిక్కు, పత్తి రైతులం. మా బాపు మృగశిర కార్తెల మొదటి వాన పడంగనే గింజలు పెట్టేటోడు, తర్వాత పది రోజులు వాన మొఖం చాటేస్తే మొలకలు మాడిపోవుడు, మళ్ల ప్యాకెట్లు కొనుడు. 60 నుంచి 75 మి.మీ. పడ్డాకనే పత్తి పెట్టాలని వ్యవసాయ సైంటిస్టులు ఎప్పటి సందో చెప్తున్నరు, కానీ ఎంత పడ్డదో కొలిచేటోళ్లు ఊర్లెవరున్నరు? అందుకే జూన్ 1 నుంచి ఏ రోజు వాన ఆ రోజు కూడుకుంట పోయే షీట్ చేసి, దొరికిన పాత ఏండ్లన్నీ పక్కపక్కన పెట్టి బాపుకి చూపించిన. చాలాసేపు చూసి "గిన్నిసార్లు తొందరపడ్డమా" అన్నడు. పోయినేడు ఆగిండు.

ఇది నెల ఫైల్ కాబట్టి ఇయ్యాల్టి వాన దీంట్ల దొరకదు. దానికి మేం ముగ్గురు దోస్తులం తలా ఒక ప్లాస్టిక్ రెయిన్‌గేజ్ (వాన కొలిచే గొట్టం) కొని డాబాల మీద పెట్టినం, పొద్దుగాల 8:30కి చూసి ఊరి వాట్సాప్ గ్రూపుల పెడ్తం, నెల ఫైల్ వచ్చినంక పోల్చుకుంటం.

కొత్తగా వాడేటోళ్లు జిల్లా పేరుతోని ఫిల్టర్ పెట్టకుండ్రి. 2021 ఆగస్టుల వరంగల్ రూరల్ కాస్త వరంగల్ అయింది, అర్బన్ హనుమకొండ అయింది, మా పరకాల రూరల్ నుంచి హనుమకొండకి వచ్చింది, పాతవి కొత్తవి కలిపితే మా మండలం సగం ఏండ్లు కనిపించనే కనిపించదు. నాకు ఇది అర్థమయ్యేసరికి వారం పట్టింది. మండలం పేరుతోనే ఎతకాలె.

ఇంకోటి, మండలం లెక్క మీ చేను లెక్క కాదు. 2023 జులై 27 పొద్దుగాల వరకు ఒక్క రోజుల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల 649.8 మి.మీ. పడ్డది, అసొంటి వాన మండలానికి ఒక్క అంకెల ఎట్ల పడ్తది? మా మూడు గేజ్‌లే కిలోమీటరు దూరంల ఒకదానికొకటి కలవయి. అందుకే పోర్టల్‌ల సర్కారు గేజ్‌ల లెక్క కూడా ఏ గేజ్‌ది ఆ గేజ్‌కి విడిగా ఇస్తే మా అసొంటోళ్లకి చాలా మేలు. మండలాల పేర్లు తెలుగుల కూడా ఉంటే బాపు నన్ను పిలవకుండ ఆయనే ఎతుక్కుంటడు.