లేపాక్షి గైడ్‌తో మా అమ్మ వాదన

లేపాక్షికి రెండు గంటలు చాలని చాలామంది అంటారు. గైడ్ లేకపోతే చాలు. మంచి గైడ్ దొరికితే మాత్రం పొద్దంతా అక్కడే గడిచిపోతుంది.

మాకు అక్కడి వీరభద్రస్వామి గుడి ముందు దొరికిన గైడ్ హిందూపురం యాసలో గలగలా మాట్లాడే మనిషి. ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకున్నాం, మీరూ అలాగే చేయండి. ఏడు పడగల నాగలింగం దగ్గరికి రాగానే ఆయన గొంతు పెంచాడు.

“శిల్పులకు ఆకలేసిందంట. వాళ్ళమ్మ వంట చేసేలోపల ఊరికే కూచోకుండా ఈ పామును చెక్కేసినారు.”

అమ్మ ఆ రాతిని కిందినుంచి పైదాకా చూసింది. “ఏం వంట నాయనా అది? ఊరందరికీ వండిందా?”

“సంగటి చేసేకి ఎంతసేపమ్మా! వాళ్ళ చేతులే అంత స్పీడు.”

“మరి ఈ పగులేంటి?”

“ఆమె వచ్చి చూసి, నా కొడుకులు ఎంత బాగా చేసినారో అనింది. అంతే, దిష్టి తగిలి పగిలిపోయింది.”

“నిజమే, తల్లి దిష్టే ఎక్కువ” అంటూ అమ్మ నావైపు తిరిగింది. “ఇంటికెళ్ళగానే నీకు ఉప్పు దిగదుడుస్తా.” గైడ్ పగలబడి నవ్వాడు.

నేలమీద రాతిలో తొలిచిన పళ్ళేలు కనబడగానే అమ్మ ఆగిపోయింది. “ఇదిగో, ఆవిడ వడ్డించింది వీటిల్లోనే!”

“కొందరు భోజనానికంటారు, కొందరు రంగులు కలిపేకి అంటారు. ఇంకమీద మీ మాటే చెప్తాలేమ్మా.”

ఆయనలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఏది చరిత్రో ఏది కథో విడదీసి చెప్పాడు. 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో విరూపన్న, వీరన్న సోదరులు ఈ గుడి కట్టించారన్నది చరిత్ర. విరూపన్న తన కళ్ళు పీకి గోడకేసి కొట్టాడన్నది జనం చెప్పుకునే కథ. నేలకు తగలదని చెప్పుకునే వేలాడే స్తంభం దగ్గర కూడా అంతే. అమ్మ చేతికి తువ్వాలు ఇచ్చి కిందినుంచి లాగమన్నాడు. ఒక మూల దగ్గర గుడ్డ ఆగింది. “అక్కడ నేలకు తగులుతుందమ్మా, పూర్తిగా గాల్లో లేదు” అని తనే చెప్పేశాడు. ఇలా చెప్పే గైడ్‌కి పది రూపాయలు ఎక్కువిచ్చినా తప్పులేదు.

లతా మండపంలో అమ్మను కదిలించడం మా ఇద్దరివల్లా కాలేదు. ఒక్కో స్తంభం మీద ఒక్కో డిజైను. వాటిని చూసి చీర అంచులు నేస్తారని గైడ్ అన్నాడో లేదో, ఫోన్ నిండా ఫోటోలే.

ఎండెక్కితే బండలు కాళ్ళు కాల్చేస్తాయి, గుడి తెరవగానే వెళ్ళండి. అందుకు ఊళ్ళోనే ఉన్న టూరిజం వాళ్ళ హరిత హోటల్ అనువు. 15 కిలోమీటర్ల దూరంలోని హిందూపురంలో దిగితే తిండికీ బస్సులకీ సుఖం, కానీ పొద్దున్నే బయల్దేరాలి. బెంగళూరు వైపు నుంచి కారులో వస్తే హైవేలో కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర తిరగాలి. ఏకశిలా నంది గుడి బయట కొంచెం దూరంలో ఉంటుంది, దాన్ని వదిలేసి వెళ్ళకండి.