లాగమ్ మానిటర్ టెస్ట్: ఏళ్ల తరబడి వాడాక

గాజువాకలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. కొత్త మానిటర్ ఏది కొన్నా ముందు లాగమ్ అనే వెబ్‌సైట్‌లోని మానిటర్ టెస్ట్ పేజీలు పెట్టి చూస్తాను. ఉచితం. జిప్ ఫైలు దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే షాపులో నెట్ లేకపోయినా పనవుతుంది. వాటి పక్కనే నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగు ఒక్కోటి తెర నిండా ఉండే బొమ్మలు నేనే చేసి పెట్టుకున్నాను.

తెర మీద పాడైన చుక్కలు, అంటే పిక్సెళ్లు, పట్టుకోవడానికి ఆ బొమ్మలు చాలు. ఫుల్ హెచ్‌డీ తెరలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. తెల్ల తెర మీద నల్లగా ఉండిపోతే డెడ్ పిక్సెల్, నల్ల తెర మీద ఎర్రగానో పచ్చగానో వెలుగుతుంటే స్టక్ పిక్సెల్. రంగులు గబగబా మార్చే జేస్క్రీన్‌ఫిక్స్ లాంటి వెబ్‌సైట్లతో స్టక్ పిక్సెల్ ఒక్కోసారి దారికొస్తుంది, డెడ్ పిక్సెల్ రాదు. ముందు మెత్తటి గుడ్డతో తుడిచి చూడండి, దుమ్ము కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది.

డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో "ఒక్క చుక్కకి ఏటవుద్ది గురూ, వారంటీ ఉంది కదా" అన్నారు. ఒక్క చుక్కకి వారంటీలో మార్చడం అరుదు. 2001 నాటి ఐఎస్‌ఓ 13406-2 అనే పాత అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం క్లాస్ 2 తరగతి ప్యానెల్‌లో (తెరలో) పది లక్షల పిక్సెళ్లకి ఎప్పుడూ వెలిగేవి 2, ఎప్పుడూ ఆరిపోయి ఉండేవి 2, సబ్‌పిక్సెల్ (పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కల) లోపాలు 5 ఉన్నా సరే అనేవారు. అందుకే బిల్లు కట్టకముందే చూడాలి.

జనం చూడకుండా వదిలేసేది బూడిద రంగు తెర. నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. ఒక మానిటర్‌కి చుక్క అన్నదే లేదు, కానీ బూడిద రంగు పెట్టగానే ఎడమ అంచంతా గులాబీ ఛాయ. పెళ్లికూతురి ఫొటో ఎడమ పేజీలో ఉంటే ముఖం ఎర్రగా, అదే ఫొటో కుడి పేజీకి లాగితే మామూలుగా. దాని మీద స్కిన్ టోన్ ఎలా సరిచేస్తాం?

అంచుల్లో వెలుతురు కారుతోందా అన్నది షాపు లైట్ల కింద తేలదు. రాత్రి ఇంట్లో లైట్లు ఆపి నల్ల తెర పెట్టాలి. తల కదిపితే మారేది ఐపీఎస్ గ్లో (ఐపీఎస్ రకం తెరలకి మామూలే), కదలకుండా అక్కడే ఉంటే బ్లీడ్, అంటే వెనక లైటు కారడం. ఫోన్‌లో ఫొటో తీసి టెన్షన్ పడకండి, కెమెరా దాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది.

లాగమ్‌లో బ్లాక్ లెవెల్, గ్రేడియంట్, గామా (మధ్యస్థ ఛాయలు ఎంత ముదురుగా కనిపిస్తాయన్నది) పేజీలు బాగుంటాయి. బ్రౌజర్ జూమ్ 100 శాతం లేకపోయినా, విండోస్ స్కేలింగ్ (తెర మీదివి పెద్దవిగా చూపే సెట్టింగ్) 125 శాతం ఉన్నా గామా పేజీని నమ్మొద్దు. నలుపు వెలిసినట్టు ఉంటే ప్యానెల్‌ని తిట్టే ముందు కంప్యూటర్ పంపే హెచ్‌డీఎంఐ రేంజ్ పూర్తి 0–255 బదులు 16–235లో ఉందేమో చూడండి. క్లాక్ అండ్ ఫేజ్ పేజీ పాత వీజీఏ కేబుల్ వాళ్లకే, మిగతావాళ్లకి అనవసరం.

రంగు కచ్చితంగా ఉందో లేదో మాత్రం ఈ పేజీలు తేల్చలేవు. కన్ను ఏ రంగుకైనా అలవాటు పడిపోతుంది. పట్టుచీర ఎరుపు ప్రింట్‌లో అలాగే రావాలంటే కలరిమీటర్ (తెర రంగుని కొలిచే పరికరం) కావాల్సిందే. ఆ ఖర్చు లేకుండా చెడ్డ ప్యానెల్‌ని షాపులోనే వదిలేసి రావడానికి మాత్రం ఈ పెన్‌డ్రైవ్ చాలు.